దర్పణము వెనుక రెండవ కన్ను

కంప్యూటరు ఆటలలో పాత్ర అద్దము ముందు నిలిచినప్పుడు దాని ప్రతిబింబము అద్దములో కదలుట విద్యార్థులు చూచియే యుందురు. నిజమునకు అచ్చట సాధారణముగా కాంతి అద్దమునకు తగిలి మరలుట జరుగదు. అద్దము వెనుక మరొక కెమెరాను నిలిపి, అది చూచిన దృశ్యమును వేరుగా గీసి, అద్దమున్న చోట చూపుటయే గేమ్ ఇంజన్ చేయు పని. ఆ కెమెరాను ఎచ్చట నిలుపవలెను, దాని దృశ్యమును కోరిన ఆకారమున ఎట్లు కత్తిరింపవలెను అనునది ఈ వ్యాసమున పరిశీలింతుము.

మొదటి ప్రశ్నకు సమాధానము మన విద్యార్థులకు తెలిసినదే. ఇంటర్మీడియట్ గణితమున సరళరేఖల అధ్యాయములో, ఒక రేఖ దృష్ట్యా బిందువు ప్రతిబింబమును కనుగొను సూత్రము కలదు. మార్కుల కొరకు వల్లించి పిమ్మట మరచువారే యెక్కువ. రేఖకు బదులు తలమును తీసికొన్నచో ఇంజన్‌లోని సూత్రము అదియే. కెమెరా (1, 2, 5) వద్దను, అద్దము ఎక్స్ = 4 అను తలమునను ఉన్నవనుకొందము. కెమెరా అద్దమునకు 3 ప్రమాణముల దూరమున నున్నది గనుక రెండవ కెమెరా అంతే దూరము వెనుకకు, అనగా (7, 2, 5) వద్దకు పోవును.

చిక్కు ఇచ్చటనే మొదలగును. రెండవ కెమెరా గోడకు ఆవలనున్నది గనుక ఆ గోడయు, వెనుక గదిలోని బీరువాయు దానికి అడ్డు వచ్చును. ప్రతి కెమెరాకు సమీపమున ఒక హద్దు తలముండును; కెమెరాకును ఆ తలమునకును నడుమనున్నవి గీయబడవు. చూపునకు లంబముగానుండు ఈ తలమును వాల్చి అద్దపు తలముతో ఏకము చేసినచో అడ్డు తొలగును. ఎరిక్ లెంగెల్ 2005లో దీని గణితమును వివరించెను. యూనిటీ ఇంజన్‌లో ఇందుకు సిద్ధముగా ఒక ఫంక్షను కలదు.

మరియొకటి యింకను విచిత్రమైనది. వస్తువులన్నియు ఇంజన్‌కు చిన్న త్రిభుజములే. శీర్షముల వరుస ఏ దిశలో తిరుగునో చూచి అది ముందువైపో వెనుకవైపో నిర్ణయించి, వెనుకవైపు వానిని గీయక విడుచును. ప్రతిబింబమున సవ్యము అపసవ్యమగును గదా! అందుచే ముందు భాగములు మాయమై వస్తువుల లోపలి భాగములు బయటపడును. ఆ ఒక్క చిత్రమునకు ఈ నియమమును తారుమారు చేయవలెను. ఇది యెరుగనివారు తప్పు కెమెరాలో నున్నదని రోజుల తరబడి వెదకుదురు.

ఇక ఆకారము. కెమెరా చిత్రము దీర్ఘచతురస్రమే. దాని వెడల్పును ఎత్తును మార్చవచ్చును గాని కమానుగా వంచజాలము. గోడలపై అక్షరములు వేయువారు కత్తిరించిన రేకును ఆనించి రంగు పూయుదురు. రంధ్రమున్న చోటనే రంగు అంటును. స్టెన్సిల్ బఫర్ అట్టి రేకే. తెరపై ప్రతి చుక్కకు సాధారణముగా 8 బిట్ల సంఖ్య నొకదానిని ఇది దాచును. ముందుగా కమానును రంగు లేకుండ గీసి, అది ఆక్రమించిన చుక్కలకు 1 అని వ్రాయవలెను. పిమ్మట రెండవ కెమెరా దృశ్యమును 1 ఉన్న చోట్లనే గీయవలెను. దృశ్యమును టెక్స్‌చర్‌గా గీసి కమానుపై అతికించు మార్గమును కలదు. నీటి అలలు చూపవలెనన్నచో మా అభిప్రాయమున అదియే మేలు. 2007లో వెలువడిన పోర్టల్ అను ఆటలోని అండాకార ద్వారములు ఇట్టి దృశ్యములకు చక్కని ఉదాహరణ.

అయితే సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్కదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లే దొరకును. ప్రతి అద్దము ఆ వ్యవధిలోనే దృశ్యమును మరల గీయించును.

పై గణితమంతయు చదునైన అద్దమునకే. గోళాకార దర్పణమునకు ఒక్క రెండవ కన్ను చాలదు. వస్తువు నుండి వచ్చు కిరణము గోళముపై ఏ బిందువున పరావర్తనము చెంది కంటిని చేరునను సమస్యను బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైథమ్ 11వ శతాబ్దిలో తన ‘కితాబ్ అల్ మనాజిర్’ గ్రంథమున సాధించెను. బీజగణితమున అది నాలుగవ ఘాత సమీకరణమగును. ప్రతి శీర్షమునకు దానిని సాధించుటకు బదులు ఇంజన్లు గోళకేంద్రము నుండి ఆరు దిక్కులకు ఆరు చిత్రములు తీసి, పరావర్తన దిశను బట్టి వానినుండి రంగును గ్రహించును. ఇది ఉజ్జాయింపే, దగ్గరి వస్తువులు స్థానము తప్పి కనబడును. 2018లో ఎన్విడియా ఆర్‌టిఎక్స్ కార్డులు వచ్చిన పిమ్మట కిరణమునే వెంబడించు పద్ధతి ఆటలలో ప్రవేశించినది.

సూత్రమును మరువనివారికి ఒక అభ్యాసము. అద్దమును ఎక్స్ + వై = 6 అను తలమున నిలిపినచో, (1, 2, 5) వద్దనున్న కెమెరాకు రెండవ స్థానమెచ్చట? కాగితముపై సాధించిన పిమ్మట సరిచూచుకొనుడు: (4, 5, 5).