తగవు తీర్చు తోడివారు



‘పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లు’ అను సామెతను మీరు వినియుందురు. తగవు పుట్టుట వింత కాదు. దానిని ఎవరియొద్దకు కొనిపోవలెనో తెలియుట ముఖ్యము.

1925వ సంవత్సరమున మేరీ పార్కర్ ఫాలెట్ అను అమెరికా విదుషీమణి ఒక చిన్న సంగతి చెప్పెను. హార్వర్డు గ్రంథాలయములో ఒకరు కిటికీ తెరువవలెననిరి, ఆమె మూయవలెననెను. తుదకు ఎవరును లేని పక్కగదిలోని కిటికీ తెరచిరి. ఒకరికి గాలి లభించెను. ఆమెకు ఉత్తరపు గాలి సోకకుండెను. ఎవరును ఓడలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 1976లో ఇరుగుపొరుగు తగవులు తీర్చుటకు ఒక సంస్థ ఏర్పడెను. తరువాతి దశాబ్దమున ఆ పద్ధతి పాఠశాలలలో ప్రవేశించెను. శిక్షణ పొందిన విద్యార్థులే తోడివారికి మధ్యవర్తులైరి.

మన పాఠశాలలో దీనినెట్లు నెలకొల్పవచ్చును? మొదట ప్రధానోపాధ్యాయుల అనుమతి పొందవలెను. పిమ్మట ప్రతి తరగతినుండి అందరును నమ్మదగిన బాలబాలికలను ఎన్నుకొనవలెను. వారు మొదటి మార్కులవారే కానక్కరలేదు. చాడీలు చెప్పనివారైన చాలును. ఓపికతో వినుట, పక్షపాతము లేకుండుట, విన్నది బయట పెట్టకుండుట వారికి నేర్పవలెను. తగవుపడిన ఇరువురును ఇష్టపడి వచ్చిననే కూర్చుండవలెను.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక బాలుడు స్నేహితుని నోటుపుస్తకము తీసికొని, పరీక్షవరకు తిరిగి ఈయలేదు. స్నేహితుడు నలుగురిలో వానిని ‘దొంగ’ అనెను. ఇరువురకు మాటలు నిలిచిపోయెను. మధ్యవర్తులు తప్పెవరిదని అడుగలేదు, “నీకు కష్టము కలిగించినదేది?” అని అడిగిరి.

“ఆ రాత్రి చదువుకొనుటకు నాకు పుస్తకము లేదు” అని ఒకడనెను.

“నేను జ్వరముతో పడియుంటిని. దొంగయనుటకంటె కొట్టియుండిన మేలు” అని రెండవవాడు కన్నీరు పెట్టుకొనెను.

ఒకరు చెప్పినదానిని మరియొకరిచే తిరిగి చెప్పించిరి. అప్పుడు వారి కోపము చల్లారెను. ఆ నలుగురి యెదుటనే క్షమాపణ చెప్పుటకు ఒకడును, ఇకమీద రాలేనప్పుడు పుస్తకము తమ్మునిచే పంపుటకు మరియొకడును ఒప్పుకొనిరి. ఆ మాటలు వ్రాసి ఇరువురును సంతకము చేసిరి.

అయితే ఒక హెచ్చరిక. కొట్టుట, బెదరించుట, పలువురు చేరి ఒక్కని బాధించుట మధ్యవర్తులు తీర్చదగినవి కావు. అట్టివానిని వెంటనే ఉపాధ్యాయులకు తెలుపవలెను. బలహీనుని ‘సర్దుకొమ్ము’ అనుట న్యాయము కాదు.

మీ తరగతిలో మాటలు మానిన స్నేహితులు ఎవరైనను కలరా? వారి నడుమ కూర్చుండి, తీర్పు చెప్పక, ఇరువురి మాటయు వినగలవారు మీలో ఎవరో ఆలోచింపుడు.