రక్షా అంగీలు, ఇమామ్ జామిన్

ఆపదల నుంచి కాపాడతాయన్న విశ్వాసంతో ఖురాన్ వచనాలు, దైవనామాలు, అంకెల యంత్రాలు రాసిన వస్త్రాలను రక్షా అంగీలంటారు. ఒట్టోమన్ రాకుమారుడు జెమ్ సుల్తాన్ కోసం 1477లో మొదలుపెట్టిన అంగీ 1480లో పూర్తయింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని భారతీయ నూలు అంగీ (15-16 శతాబ్దాలు) అంతకన్నా అబ్బురమైనది. దానిపై చిన్న చిన్న గళ్లలో ఖురాన్ మొత్తాన్ని, అంచు వెంట బంగారు అక్షరాలతో 99 దైవనామాలను రాశారు.

ఈ విశ్వాసానికి దగ్గరి రూపమే హైదరాబాదులో నేటికీ నిలిచిన ఇమామ్ జామిన్, అంటే ప్రయాణమయ్యేవారి దండచేతికి కట్టే, లోపల నాణెం పెట్టి కుట్టిన గుడ్డపట్టీ. గమ్యం క్షేమంగా చేరాక ఆ నాణేన్ని పేదలకిస్తారు. ఈ ఆచారంలో మనసుకు హత్తుకునేది ఆ దానమే. ఈ పట్టీకి పేరిచ్చిన, షియాల ఎనిమిదో ఇమామ్ అలీ అల్ రజా సమాధి ఇరాన్‌లోని మష్‌హద్‌లో ఉంది.