ఇంటికి కుళాయి వచ్చింది, ఇక మన వంతు



ఒకప్పుడు మన పల్లెల్లో స్త్రీలకు సగం రోజు బిందెతోనే గడిచేది. మొదట బావి, చెరువు. ఆ తరువాత చేతిపంపు. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ మిట్టమధ్యాహ్నం యాకోబు బావికి నడిచి వచ్చిన కష్టాన్ని మన తల్లులకు వేరే వివరించనక్కరలేదు. ఇప్పుడు ఊరికి రోడ్డు, కరెంటు వచ్చాయి. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ, దేశమంతటా 2019లో జల జీవన్ మిషన్ మొదలై ఎన్నో ఇళ్ల ముందుకు కుళాయి వచ్చింది. ఇది గొప్ప మేలు. అయితే కుళాయి వచ్చినంత మాత్రాన జబ్బులు పోవు. ఈ నెల పాఠం అదే.

1. ఏ నీళ్లు తాగాలి?

"కుళాయి నీళ్లు మందు వాసన, బోరు నీళ్లే రుచి" అని చాలామంది మాతో అంటారు. ఆ వాసన క్లోరిన్‌ది. విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చే క్రిములను చంపేది అదే. నీళ్లు పట్టి, పల్చని గుడ్డ కప్పి కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లకు గోధుమరంగు చారలు వస్తాయి. తరువాత మెడ, నడుము బిగుసుకుంటాయి, కాళ్లు వంకరపోతాయి. వంగిన ఎముకను ఏ మందూ తిన్నగా చేయలేదు. కాచినా ఫ్లోరైడ్ పోదు; నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. కాబట్టి బోరు నీళ్లు రుచిగా ఉన్నా, పరీక్ష చేయించకుండా పిల్లలకు తాగించకండి.

2. కుళాయి గుంట, మోటారు

నీళ్లు జోరుగా రావాలని కొందరు గుంట తవ్వి కుళాయిని కిందికి దించుతారు, కొందరు మోటారు బిగిస్తారు. సరఫరా ఆగినప్పుడు గుంటలోని మురుగు గొట్టంలోకి వెళుతుంది. మోటారు లాగినప్పుడు పగుళ్లలోంచి కాలువ నీళ్లు లోపలికి వస్తాయి. ఒక ఇంటివారు చేసిన పనికి వీధి అంతా విరేచనాలపాలు కావచ్చు. గుంట పూడ్చి, కుళాయిని నేలకు ఎత్తుగా పెట్టించండి.

3. తొట్లు, డ్రమ్ములు

నీళ్లు రోజూ రావేమోనని నిలవ చేస్తాము. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచి నీళ్లలోనే. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది, పగటిపూట కుడుతుంది. అందుకే వారానికొకసారి, శుక్రవారం, తొట్లు ఖాళీ చేసి లోపలి గోడలు బాగా తోమండి. వట్టిగా కడిగితే అంటుకున్న గుడ్లు పోవు. తరువాత మూత పెట్టండి. వాడిన నీళ్లు వీధిలో నిలవకుండా ఇంకుడు గుంట తవ్వుకోండి.

ఆలస్యం చేయవద్దు

విరేచనాలైన బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, జ్వరంతో కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో ఓఆర్‌ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా పట్టండి.

బిందె బరువు దిగిన తల్లులకు ఇప్పుడు కాస్త సమయం మిగిలింది. ఆ సమయంలో కొంత ఈ జాగ్రత్తలకు ఇవ్వండి. ఈ పాఠం చదవలేని పొరుగువారికి చదివి వినిపించండి. దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.