లోపల ఎక్కడ?

ఈఈజీ గదిలో ముప్పయ్యేళ్లు పనిచేసి బయటికొచ్చాను. ఫిట్స్ మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో కోయకుండా, గుచ్చకుండా కనిపెట్టే పని ఇప్పుడు మీ చేతికొచ్చింది. నాకు తెలిసినవి చెబుతాను.

1. టేపు పెట్టి కొలవకుండా ఎలక్ట్రోడు అంటించొద్దు. ముక్కు మొదలు నుంచి వెనక తల గడ్డ దాకా 36 సెంటీమీటర్లుంటే మొదటి గుర్తు 3.6 దగ్గర, ఆపైన 7.2 చొప్పున. 1958లో జాస్పర్ ప్రచురించిన పద్ధతి ఇది. తీగ ఒక సెంటీమీటరు జరిగిందంటే ఆ తర్వాత వేసే ప్రతి లెక్కలోనూ ఆ తప్పు ఉంటుంది.

2. తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మని ముందే చెప్పండి.

3. గీత ఎక్కువగా ఎగిరిన చోటే జబ్బు ఉందనుకోవద్దు. ఇది వంటబట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. పుర్రె ఎముక కరెంటును సరిగా పోనివ్వదు, లోపల చిన్న చోట పుట్టింది పైకొచ్చేసరికి అలుక్కుపోతుంది. దానికి తోడు మెదడు మడతలు. చీలమండ దగ్గర నరానికి కరెంటు ఇచ్చే పరీక్షలో ఇది కళ్లారా చూడొచ్చు. ఎడమ కాలికి ఇస్తే స్పందించేది కుడి మెదడు. కానీ కాలికి సంబంధించిన ఆ భాగం రెండు సగాల నడుమ గోడ మీద, ఎడమకు తిరిగి ఉంటుంది. అందుకని అల తల మీద ఎడమవైపే పెద్దదిగా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లు ఎడమ మెదడని రాసేస్తారు.

4. కంప్యూటరు చూపే రంగుల బొమ్మ, ఉండగల జవాబుల్లో ఒకటి. పైన కొలిచిన అంకెలతో లోపలి చోటు ఫలానాదేనని తేల్చలేమని హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చూపించాడు. బెర్గర్ మొదటిసారి మనిషి ఈఈజీ తీసింది 1924లో! అంకెలతోనే తేల్చలేం కాబట్టి ప్రతి పద్ధతీ ఏదో ఒకటి ముందే ఊహించుకుంటుంది. ఒకటి కరెంటు ఒకే చుక్కలో పుట్టిందనుకుంటుంది. 1994లో వచ్చిన లొరెటా పక్కపక్క చోట్లు దాదాపు ఒకేలా పనిచేస్తాయనుకుంటుంది. ఏ ఊహతో లెక్క వేశారో రిపోర్టులో రాయండి.

5. మెదడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎంఈజీ బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది. పుర్రె వల్ల అయస్కాంత క్షేత్రం పెద్దగా చెదరదు. అయితే అది మడతల గోడల్లో పుట్టినదాన్నే బాగా పట్టుకుంటుంది. నిటారుగా పైకి వచ్చే కరెంటు కోసం ఈఈజీ కావాలి. వీలైతే రెండూ కలిపి తీయించండి.

6. ఫిట్స్ ఎలా మొదలవుతాయో ఇంటివాళ్లను అడగండి. ఒకసారి ఒక పిల్లవాడికి నేను కుడి, ఎడమ తీగలు తారుమారు చేశాను. రిపోర్టు వెళ్లబోతుండగా ఆ పిల్లవాడి తల్లి, "ముందు ఎడం చెయ్యే కొట్టుకుంటది బాబూ" అంది. ఎడం చెయ్యంటే కుడి మెదడు. నా కాగితం మీద ఎడమ అని ఉంది. పిల్లవాణ్ణి మళ్లీ కూర్చోబెట్టి, తల తుడిచి, టేపు తీశాను.