క్రీట్ ద్వీపంలో ఇద్దరూ తీరిగ్గా: తొలిసారి వెళ్లే జంటలకు

గ్రీసు అనగానే చాలామంది జంటలు ఏథెన్స్ రెండు రోజులు, మికొనోస్ రెండు, సాంతోరిని రెండు అని లెక్క వేసుకుంటారు. మూడు చోట్లూ చూసినట్టే ఉంటుంది గానీ, సెలవులో చాలా భాగం ఓడరేవుల్లో సామాన్లు పట్టుకుని నిలబడటానికే పోతుంది. హాయిగా గడపాలనుకుంటే ఒక్క క్రీట్‌కే వెళ్లండి. గ్రీసు ద్వీపాల్లో అదే పెద్దది. తూర్పు నుంచి పడమరకు దాదాపు 260 కిలోమీటర్లు ఉంటుంది. వేల ఏళ్ల నాటి రాజప్రాసాదం, వెనీషియన్ల నాటి రేవు పట్నాలు, ఈతకు మంచి సముద్రం, శాకాహారులకు కడుపునిండా భోజనం అన్నీ అక్కడే దొరుకుతాయి. ఎనిమిది రాత్రులు పెట్టుకుంటే సరిపోతుంది.

1. నెల ఎంచుకోండి

మే, జూన్ లేదా సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం మంచివి. జూలై, ఆగస్టుల్లో ఎండ మండిపోతుంది, జనమూ ఎక్కువే. ఆగస్టు 15న మేరీమాత పండుగ. ఆ రోజుల్లో గ్రీకులు కూడా సెలవులు పెట్టుకుని ద్వీపాలకు వస్తారు కాబట్టి గదుల ధరలు పెరుగుతాయి. కొండల మీద పూలు చూడాలంటే మే నెలలో వెళ్లండి. అప్పటికి నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఈత కొట్టాలనుకుంటే సెప్టెంబరు మేలు.

2. వీసా పని ముందే ముగించండి

గ్రీసుకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలన్నది నియమమే అయినా, అంతదాకా ఆగకండి, రెండు మూడు నెలల ముందే ఇచ్చేయండి. భార్యాభర్తలైనా ఎవరి దరఖాస్తు వారిదే. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు ఉండాలి. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా తప్పనిసరి. ఇంటిపేర్లు వేరైతే పెళ్లి ధ్రువపత్రం నకలు జతచేయండి.

3. దిగేది ఒకచోట, ఎక్కేది మరోచోట

హైదరాబాదు నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా ఏథెన్స్ చేరుకోవచ్చు. అక్కడి నుంచి క్రీట్‌కు విమానంలో గంట కూడా పట్టదు. ఓడ ప్రయాణం సరదా ఉంటే ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో రాత్రి ఎక్కి, పడుకుని లేచేసరికి ద్వీపం చేరవచ్చు. క్రీట్‌లో హెరాక్లియోన్, హనియా రెండింటికీ విమానాశ్రయాలున్నాయి. మొదటిదానిలో దిగండి, రెండోదాని నుంచి తిరిగి రండి. వచ్చిన దారినే మళ్లీ పోనక్కర్లేదు.

4. బస రెండు ఊళ్లలోనే

హెరాక్లియోన్‌లో మూడు రాత్రులు, హనియాలో ఐదు ఉండండి. గదులు పాతబస్తీలోనే తీసుకుంటే సాయంత్రాలు నడిచి తిరగవచ్చు. గది అద్దె కాకుండా, రోజుకింత చొప్పున ప్రభుత్వ రుసుము హోటల్లో విడిగా కట్టాల్సి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే అదెంతో అడగండి. మన మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడ పట్టవు కాబట్టి అడాప్టర్ పట్టుకెళ్లండి.

5. హెరాక్లియోన్: ముందు ప్రాసాదం, తర్వాత మ్యూజియం

ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో క్నోసోస్ రాజప్రాసాదం ఉంది. వేల ఏళ్ల నాటి మినోవన్ నాగరికతకు అదే గుండెకాయ. సిటీ బస్సులో వెళ్లవచ్చు. 1900లో ఆర్థర్ ఎవాన్స్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. కొన్ని స్తంభాలను, గదులను సిమెంటుతో మళ్లీ కట్టించాడు. మీరు చూసే ఎర్ర స్తంభాలు ఆయన కట్టించినవే. గోడల మీదున్న చిత్రాలు నకళ్లు, అసలువి ఊళ్లోని పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. అందుకే ఒక ఉదయం క్నోసోస్, మర్నాడు ఉదయం మ్యూజియం చూడండి. ఎద్దు మీదుగా పిల్లిమొగ్గ వేసే యువకుడి చిత్రం, ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయిన ఫైస్టోస్ బిళ్ల దగ్గర కాసేపు ఆగండి. క్నోసోస్‌లో నీడ తక్కువ. ద్వారాలు తెరిచే వేళకే చేరుకోండి, టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.

ఒక సాయంత్రం ఊరి ప్రాకారం ఎక్కండి. జోర్బా నవల రాసిన కజాన్‌జాకిస్ సమాధి అక్కడే ఉంది. అక్కడి నుంచి ఊరూ సముద్రమూ రెండూ కనిపిస్తాయి.

6. హనియా: నడవండి, కూర్చోండి

హెరాక్లియోన్ నుంచి హనియాకు బస్సులో మూడు గంటల లోపే. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దారిలో సముద్రం చూస్తూ వెళ్లవచ్చు. హనియాలో వెనీషియన్ రేవు, దాని చివర దీపస్తంభం, వెనక ఇరుకు సందులు తొందర పడకుండా చూడండి. పాతబస్తీ నుంచి నడిచిపోగలిగే నెయా హోరా బీచ్‌లో ఈత కొట్టవచ్చు. ఒకరోజు బస్సులో రెథిమ్నో వెళ్లి కొండ మీది కోట చూసి రండి. సమరియా లోయలో నడక 16 కిలోమీటర్లు, రోజంతా పడుతుంది. ఈసారికి దాన్ని వదిలేయండి.

7. రోజుకు ఒక్కటే

పొద్దున ఒక చోటు చూడండి. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీయండి. ఆ వేళ ఊరు కూడా సద్దుమణుగుతుంది, చిన్న దుకాణాలు మూసేస్తారు. సాయంత్రం ఆరు తర్వాత మళ్లీ బయటికి రండి. ఏం చూడాలన్నది ఒకరోజు ఒకరు, మర్నాడు మరొకరు తేల్చండి. రెండోవారు ఆ రోజు మనస్ఫూర్తిగా వెంట నడవాలి. ఇద్దరి సెలవు అంటే ఇదే.

8. తిండి

శాకాహారులు హోటల్లో 'లదెరా' ఏమున్నాయో అడగండి. ఆలివ్ నూనెలో టమాటాతో వండే కూరలవి. బెండకాయ కూర కూడా ఉంటుంది, మనవాళ్లకు ఇట్టే నచ్చుతుంది. ఉడికించిన ఆకుకూర మీద నూనె, నిమ్మరసం పోసి ఇచ్చేది హోర్తా. బార్లీ రొట్టె మీద టమాటా, జున్ను వేసి ఇచ్చేది డాకోస్. 'నిస్తీసిమా' అంటే ఉపవాస వంటలు. వాటిలో మాంసం, పాలు ఉండవు గానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉండవచ్చు. అడిగే తినండి. భోజనం చివర చిన్న గ్లాసులో రాకీ అనే మద్యం మర్యాదగా ఇస్తారు. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రమాదం ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేయండి.

చూడనివి ఇంకా చాలా మిగులుతాయి, మిగలనివ్వండి. పట్టిక పూర్తిచేయడానికి కాదు, ఒకరికొకరు సమయం ఇచ్చుకోవడానికి వెళ్తున్నారు. టికెట్లు కొనే ముందే ఇద్దరూ కూర్చుని ఈ మాట అనుకోండి.