మూసిన తలుపు వెనుక జరుగునదేమి?

తలుపు మూసిన గదిలో నలుగురు కూర్చుండి మాటలాడుచున్నచో, ఆ మాటలు తమవి కాకున్నను వినవలెనను కోరిక మానవులకు సహజము. ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణమున ఈ కోరికకు అవకాశము మెండు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్ర జిల్లాలను విడిచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట అనేకము కలవు. క్వార్టర్లు వరుసగా నుండును. ఒకరి డ్యూటీ వేళలు మరియొకరికి తెలియును. స్టేషను ప్లాట్‌ఫారము 1,072 మీటర్ల పొడవు గలది. ఒక యింటి మాట ఆ కొననుండి ఈ కొనకు రైలుకంటె ముందుగా చేరునన్నచో పట్టణవాసులు కాదనరు.

అట్టి చోట మద్యమునకు బానిసయైనవాడు తన స్థితిని ఎవరితో చెప్పుకొనగలడు? పై అధికారికి తెలిసినచో ఉద్యోగమునకు ముప్పని భయము; బంధువులకు తెలిసినచో కుమార్తె పెండ్లికి అడ్డమని భయము. ఈ భయముచేతనే పలువురు వ్యాధి ముదురువరకు వైద్యుని చెంతకు పోరు.

బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున కలిసికొనిరి. ఇరువురును త్రాగుడుచే చెడినవారే. ఒకరికొకరు నీతులు బోధింపక, తన కథ చెప్పుకొని ఎదుటివాని కథ వినినచో త్రాగవలెనను తహతహ తగ్గుచున్నదని వారు గ్రహించిరి. అందుండి ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు వెల్లడింపని మద్యబానిసల సంఘము, పుట్టినది. భారతదేశమున ఇది 1957లో ప్రారంభమైనది.

ఈ సంఘపు సమావేశములు రెండు విధములు. బహిరంగ సమావేశమునకు ఎవరైనను పోవచ్చును. కుతూహలము గలవారికి అది చాలును. ఆంతరంగిక సమావేశమునకు మాత్రము త్రాగుడు మానవలెనను కోరిక గలవారే అర్హులు. లోపల రహస్య విద్య ఏదియు లేదు. ఒకరు సమావేశమును నడుపుదురు. తక్కినవారు ఒకరి తరువాత ఒకరు తాము ఎట్లు త్రాగిరో, ఏమి పోగొట్టుకొనిరో, నిన్నటి దినము త్రాగకుండ ఎట్లు గడిపిరో చెప్పుకొందురు. జీతము చేతికి వచ్చిన సాయంకాలము ఏ దారిన ఇంటికి పోవలెనన్నది బయటివారికి అల్పవిషయము. అచ్చట అది గొప్ప చర్చ. ఇంటిపేరు అడుగరు, ప్రవేశ రుసుము లేదు, మాటలాడ నిష్టము లేనివాడు ఊరకుండవచ్చును.

వినదగిన వింత లేనప్పుడు తలుపు మూయుట యెందుకని అడుగవచ్చును. భార్య నగ కుదువపెట్టితినని, డ్యూటీలో తూలితినని చెప్పువాడు, తనవలె చేసినవారి యెదుటనే నోరు విప్పును. ఇరుగుపొరుగు ఒక్కరు కూర్చుండినను అతడు సగము దాచును. దాచిన సగమే మరల సీసా పట్టించును.

భర్త ఏమి చెప్పుచున్నాడోయని ఇల్లాలు ఆందోళన పడుట న్యాయమే. కుటుంబసభ్యులకు అల్-అనాన్ అను వేరు సంఘము 1951నుండి కలదు. ఆమె తన దుఃఖమును అచ్చట చెప్పుకొనవచ్చును. ఆ మాటలును భర్తకు చేరవు.

ప్రయాణికుల క్షేమము సంగతి యేమని ప్రశ్నింపవచ్చును. లోకో పైలట్లకు డ్యూటీ ఎక్కకముందు శ్వాసపరీక్ష జరుగును. ఆ పరీక్షలో ఎవరికిని మినహాయింపు లేదు, ఉండరాదు. అధికారి తెలిసికొనవలసినది అచ్చట తెలియును. గదిలోని మాటలు ఆయనకు అక్కరలేదు.

ఇట్టి సమావేశముల ఫలితమును పరిశోధకులును పరీక్షించిరి. 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 27 అధ్యయనములను, 10,565 మందిని పరిశీలించినది. రోగులను ఈ సంఘమునకు క్రమపద్ధతిని చేర్చు చికిత్సలు, మద్యమును పూర్తిగా మానివేయుట విషయమున, ఇతర చికిత్సలకంటె మేలైన ఫలితమునిచ్చినవని తేలినది.

అయినను సమావేశము వైద్యమునకు బదులు కాదు. ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో కొన్ని గంటలలోనే చేతులు వణకును, చెమట పట్టును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతి తప్పి లేనివి కనబడవచ్చును. చికిత్స జరుగనిచో ప్రాణాపాయము. కావున అట్టివారు ముందు ఆసుపత్రికి పోవలెను. ఖరగ్‌పూరులో రైల్వే ఆసుపత్రి కలదు.

వైద్యుని గది తలుపునకు చట్టము కాపు కలదు. 2018 మే 29న అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యపాన సంబంధమైన మానసిక స్థితులనుగూడ వ్యాధులుగా గుర్తించినది. 23వ సెక్షను రోగి వివరములను గోప్యముగా నుంచవలెనని వైద్యసిబ్బందిని శాసించుచున్నది. ఇతరులకు హాని కలుగకుండ కాపాడుట వంటి కొన్ని సందర్భములకు మాత్రము మినహాయింపు కలదు. సంఘపు గదికి ఇట్టి చట్టము లేదు; అచ్చట కూర్చుండినవారి మాటయే కట్టుబాటు.

ఎవరి యెదుటను కనబడ నిష్టము లేనివారు 14416 నంబరునకు ఫోను చేయవచ్చును. టెలీ మానస్ అను ఈ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. ఇది రాత్రింబగళ్లు ఉచితముగా లభించును, తెలుగునందును మాటలాడవచ్చును.