మంచి మనసుకు శిక్షణ తోడు

చాలా ఊళ్ళలో యువతీ యువకులు పిల్లల కోసం పనిచేస్తారు. సాయంత్రం పూట చదువు చెబుతారు. బడి మానిన పిల్లలను మళ్ళీ బడికి పంపుతారు. జీతం తీసుకోరు. "ఊరికే చేసేవాళ్ళకు శిక్షణ ఎందుకు? డబ్బు దండగ!" అని కొందరంటారు.

అక్కా, ఆలోచించు. నాటు వేయడం మనకు పుట్టుకతో వచ్చిందా? అమ్మ పక్కన వంగి నేర్చుకున్నాం. సేవ కూడా అంతే.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ 1991లో ఒక పని మొదలుపెట్టింది. పనికి పోయే పిల్లలను బడిలో చేర్చింది. ఊరి యువతే ఇంటింటికీ తిరిగింది. సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఇంటింటికీ తిరగడం తేలికా? "పిల్ల కూలి రాకపోతే ఇల్లెట్లా గడుస్తది?" అని తల్లి అడుగుతుంది. కోప్పడితే ఆమె తలుపు వేసుకుంటుంది. ఓపికగా వినాలి. మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

పదేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడుతుంది. అందుకే ఆ సంస్థ ముందు శిబిరంలో చదువు చెప్పింది. తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చింది.

పిల్ల తన కష్టం చెప్పుకుంటే ఊరంతా చాటకూడదు. పిల్ల ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయాలి. ఇవన్నీ నేర్పితేనే తెలుస్తాయి. నేర్పకపోతే మేలు చేయబోయి కీడు చేస్తారు. లేదా విసిగి మానేస్తారు.

శిక్షణకు పెట్టే ఖర్చు మన పిల్లల కోసమే. గ్రామసభలో ఈ మాట అడుగుదాం.

చర్చించండి:

1. మీ ఊళ్ళో బడి మానిన పిల్లలు ఎందరు? ఎందుకు మానారు?

2. వారి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు ఏం నేర్చుకోవాలి?